రోహిణి కార్తె, రేడియేషన్ లెక్క: ఒక సోడియం అయొడైడ్ డిటెక్టర్ ప్రాజెక్టు డైరీ

మార్చి

ఈ ప్రాజెక్టు దేనికోసమో ముందుగా రాసిపెట్టుకోవడం అవసరం. హైదరాబాదులోని మా కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో, నేల అంతస్తు గదిలో, రెండంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికంతో కృష్ణ పదార్థాన్ని (డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనిపించక, గురుత్వాకర్షణ వల్లే ఉనికి తెలిసే పదార్థాన్ని) పట్టుకోగలమని మేము అనుకోవడం లేదు. మాకు కావలసింది వేరు. ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద, సుమారు 1,400 మీటర్ల రాతి అడుగున పనిచేసిన డామా బృందం, ఇదే రకం స్ఫటికాలతో 1990ల చివరి నుంచి ఒక మాట చెబుతూ వస్తోంది. తమ డిటెక్టర్‌లో 2 నుంచి 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తి కొలత, ఇకపై కెఇవి) మధ్య నమోదయ్యే మెరుపుల (కణాలు తాకినప్పుడు స్ఫటికం ఇచ్చే కాంతి) సంఖ్య ఏడాదికొకసారి పెరిగి తగ్గుతోందని, జూన్ 2 ప్రాంతంలో అది గరిష్ఠానికి చేరుతోందని, ఇది కృష్ణ పదార్థ కణాల జాడేనని వారి వాదన.

ఆ తేదీకి కారణం ఖగోళంలో ఉంది. సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. పాలపుంత అంతటా కృష్ణ పదార్థ కణాలు నిండి ఉన్నట్లయితే, అవి మనకు ఎదురుగాలిలా తగలాలి. భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగం సెకనుకు 30 కిలోమీటర్లు. దాని కక్ష్య సూర్యుని గమన దిశకు సుమారు 60 డిగ్రీలు వాలి ఉన్నందున, అందులో సగం మాత్రమే జూన్‌లో సూర్యుని వేగానికి కలుస్తుంది, డిసెంబరులో అంతే తగ్గుతుంది. డామా కొలిచిన హెచ్చుతగ్గు, ఆ శక్తి పరిధిలో వారి మొత్తం లెక్కలో దాదాపు నూటికి ఒక వంతు.

ఆ ఒక వంతు మీద పాతికేళ్లుగా వాదం నడుస్తోంది. స్పెయిన్‌లోని కాన్‌ఫ్రాంక్ భూగర్భ ప్రయోగశాలలో 112.5 కిలోల స్ఫటికాలతో అనైస్ బృందం, దక్షిణ కొరియాలోని యాంగ్‌యాంగ్‌లో 106 కిలోలతో కోసైన్ బృందం, అదే పదార్థంతో అదే శక్తి పరిధిలో వెతికి, డామా చెప్పిన హెచ్చుతగ్గు తమ దత్తాంశంలో కనిపించలేదని ప్రకటించాయి. అలాంటప్పుడు డామా చూస్తున్నది ఏమిటన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ లేదు.

జూన్ 2 అనగానే మన పంచాంగం తెలిసినవారికి ఒక విషయం తడుతుంది. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాటాక ముగిసే రోహిణి కార్తెకు ఆ తేదీ నడిమధ్యన ఉంది. రోళ్లు పగిలే ఎండ అని మనం చెప్పుకునే రోజులవి. అవి దాటగానే మృగశిర, తొలకరి. అంటే గదిలో వేడి, గాలిలో తేమ, నేల నుంచి వచ్చే రేడియోధార్మిక రాడాన్ వాయువు, వీటన్నిటి రాకపోకలు సరిగ్గా ఆ వారాల్లోనే మలుపు తిరుగుతాయి. ఒక మామూలు గదిలో పెట్టిన డిటెక్టర్‌లో ఏడాది పొడవునా ఏమేమి మారుతాయి, ఎంత మారుతాయి, వాటిలో వేటిని కొలిచి తీసివేయగలం అన్నదే మేము పెట్టుకున్న ప్రశ్న. కృష్ణ పదార్థాన్ని వెతకడం అంటే నూటికి తొంభై పాళ్లు ఈ పనేనని నా నమ్మకం, విద్యార్థులకు నేర్పవలసింది కూడా ఇదేనని నా అభిప్రాయం.

ఏప్రిల్

స్ఫటికం అల్యూమినియం డబ్బాలో గాలి చొరకుండా మూసి ఉంది, ఎందుకంటే సోడియం అయొడైడ్ తేమను ఇట్టే పీల్చుకుని పసుపు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. అందులో కొద్దిగా థాలియం కలిపి ఉంటుంది. గామా కిరణం లోపల శక్తిని వదిలినప్పుడు ఒక్కో కెఇవికి సుమారు 38 కాంతి కణాలు (ఫోటాన్లు) పుడతాయి. ఒక చివర అతికించిన ఫోటోమల్టిప్లయర్ ట్యూబు ఆ మెరుపును విద్యుత్ స్పందనగా మార్చి పెంచుతుంది. డామాకు ముఖ్యమైన 3 కెఇవి దగ్గర పుట్టేవి వంద పైచిలుకు ఫోటాన్లే, వాటిలో ట్యూబు కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్‌ను రాల్చగలిగేవి మహా అయితే పాతిక, ముప్పై. కాంతి ఏమీ పడకపోయినా గది వేడికి ట్యూబు తనంతట తాను ఎలక్ట్రాన్లను విడుస్తుంది కాబట్టి, ఒకే ట్యూబు ఉన్న మా డిటెక్టర్ చిన్న మెరుపును ఈ ఉత్తుత్తి స్పందనల నుంచి వేరుచేయలేదు. అందుకే 20 కెఇవి కంటే తక్కువ స్పందనలను మేము లెక్కలోకి తీసుకోవడం లేదు. పెద్ద ప్రయోగాల్లో ఒక్కో స్ఫటికానికి రెండు చివర్లా రెండు ట్యూబులు పెట్టి, రెండూ ఒకేసారి స్పందిస్తేనే నమోదు చేస్తారు.

శక్తి కొలమానం సరిచూసుకోవడానికి విభాగంలో తాళం వేసి భద్రపరచిన సీసియం-137 (662 కెఇవి), అమెరీషియం-241 (59.5 కెఇవి) రేడియేషన్ మూలాలు ఉన్నాయి. అంతకంటే ఎక్కువ శక్తుల కోసం మాత్రం ఎరువుల దుకాణానికి వెళ్లి ఒక కిలో పొటాష్, అదే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, కొనుక్కొచ్చాము. అందులో దాదాపు సగం బరువు పొటాషియం. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పదివేలకు ఒక వంతు చొప్పున పొటాషియం-40 ఉంటుంది. ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 విఘటనలు జరుగుతాయి, వాటిలో పదింట ఒక వంతు నుంచి 1,461 కెఇవి గామా కిరణం వెలువడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టిన ఆ ఎర్రటి ఎరువును స్ఫటికానికి ఆనించి పెట్టగా, అరగంటలో తెర మీది స్పెక్ట్రంలో, అంటే ఏ శక్తి దగ్గర ఎన్ని మెరుపులో చూపే గ్రాఫులో, శిఖరం నిటారుగా లేచింది.

వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి, "మా పొలంలో బస్తాలకు బస్తాలు చల్లుతాం సార్, ఇన్నాళ్లూ రేడియోధార్మిక పదార్థాన్ని చేత్తో పట్టుకున్నామా?" అని అడిగాడు. మనిషి ఒంట్లోనే సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుందని, కాబట్టి ఆ ప్రశ్న అడుగుతున్న సమయంలో అతని శరీరంలో సెకనుకు నాలుగు వేల పైచిలుకు విఘటనలు జరుగుతున్నాయని బోర్డు మీద లెక్క వేసి చూపించాను. భయపడవలసింది ఏమీ లేదని అర్థమయ్యాక, తక్కిన గంటంతా ఆ లెక్కనే అరటిపండుకూ కొబ్బరినీళ్లకూ వేసుకుంటూ కూర్చున్నారు.

ఎరువు సంచి తీసేసిన తరువాత కూడా 1,461 దగ్గర శిఖరం పోలేదు, చిన్నదైంది అంతే. అది గోడల నుంచీ నేల నుంచీ వస్తున్నది. హైదరాబాదు నిలబడి ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. ఆ రాతికి గులాబీ ఛాయనిచ్చే ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం దండిగా ఉంటుంది. పొటాషియం-40 అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 125 కోట్ల ఏళ్లు కాబట్టి, ఆ రాయి గట్టిపడిన నాటి పొటాషియం-40లో ఇప్పటికి నాలుగో వంతే మిగిలి ఉంది, మా స్పెక్ట్రంలో కనిపిస్తున్నది ఆ మిగిలిన భాగమే. దాని పక్కన యురేనియం సంతతికి (అది వరుసగా విఘటన చెందుతూ పుట్టించే పరమాణువులకు) చెందిన బిస్మత్-214 శిఖరాలు 609, 1,764 కెఇవిల దగ్గర, థోరియం సంతతికి చెందిన థాలియం-208 శిఖరం 2,614 దగ్గర ఉన్నాయి. ఈ మూడు కుటుంబాల సంగతి పూర్తిగా తెలియనిదే ఏ డిటెక్టర్ లెక్కనూ నమ్మలేము.

మే చివర, రోహిణి కార్తె

సెలవుల వల్ల ఏసీ నడవడం లేదు. డిటెక్టర్‌ను మాత్రం ఆపలేదు. ప్రతి అరగంటకూ ఒక స్పెక్ట్రం, దానితోపాటు గది ఉష్ణోగ్రత, గాలి పీడనం, ట్యూబుకు అందే హైవోల్టేజి, మూడూ నమోదవుతున్నాయి.

నేను ఎదురుచూసిన విషయం ఈ వారంలో కళ్లకు కట్టింది. మధ్యాహ్నం గది వేడెక్కుతున్న కొద్దీ 1,461 శిఖరం ఎడమ వైపుకు జరుగుతుంది, తెల్లవారుజామున మళ్లీ కుడికి వస్తుంది. డిగ్రీకి సుమారు వెయ్యింట మూడు వంతుల చొప్పున, పది డిగ్రీల తేడాకు 40 కెఇవి పైన జరుగుదల వస్తోంది. దీనికి కారణాలు రెండు: వేడికి స్ఫటికం ఇచ్చే కాంతి మారుతుంది, ట్యూబు పెంపుదల కూడా తగ్గుతుంది. హైవోల్టేజి సంగతి ఇంకా సున్నితమైనది, ఎందుకంటే ట్యూబు పెంపుదల వోల్టేజికి ఏడో ఘాతం దరిదాపుల్లో మారుతుంది కాబట్టి, సరఫరాలో నూటికి ఒక వంతు తేడా వచ్చినా శిఖరం నూటికి ఏడు వంతులు కదులుతుంది. అదృష్టవశాత్తూ మా సరఫరా యూనిట్ నిలకడగానే ఉంది.

శిఖరం కదిలితే ఏమవుతుందన్నది విద్యార్థుల చేత లెక్క కట్టించాను. తక్కువ శక్తుల దగ్గర నేపథ్య స్పెక్ట్రం (చుట్టుపక్కల ఎప్పుడూ ఉండే రేడియేషన్ వల్ల వచ్చేది) ఏటవాలుగా దిగుతుంది. మనం తెర మీద ఒక స్థిరమైన గీత గీసి, దానికి కుడి పక్కన పడినవాటిని మాత్రమే లెక్కపెడుతున్నప్పుడు, పెంపుదల నూటికి మూడు వంతులు తగ్గితే గీతకు దగ్గరగా ఉన్న స్పందనలు కొన్ని ఎడమకు జారిపోయి, లెక్క కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. నిజానికి వచ్చిన గామా కిరణాలేమీ తగ్గలేదు. మనం వెతుకుతున్నది నూటికి ఒక వంతు మార్పు అయినప్పుడు, ఎండాకాలపు వేడి ఒక్కటే దానికి మూడింతల మార్పును తెచ్చిపెట్టగలదు. పైగా దాని మలుపు పడేది కూడా ఈ కార్తెలోనే. మా గదిలో ఇది పెరుగుదల కాక తగ్గుదల రూపంలో వచ్చింది గానీ, తేదీ మాత్రం అదే.

డామా వాళ్లకు ఇది తెలియదని దీని అర్థం కాదు. వాళ్ల స్ఫటికాలు ఏసీ గదిలో, రాగి, సీసం కవచాల లోపల, నైట్రోజన్ వాయువులో మూసి ఉండేవి. ఉష్ణోగ్రత ప్రభావం తాము చూస్తున్న హెచ్చుతగ్గుకు ఏమాత్రం సరిపోదని అంకెలతో సహా ప్రచురించారు. మా గది వాళ్ల గది కాదు. అయినా, శిఖరం ఎండకు జరగడాన్ని తన కళ్లతో చూసిన విద్యార్థికి, ఆ ప్రచురణల్లోని ఉష్ణోగ్రత పట్టిక ఎందుకు ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నుంచి ప్రతి అరగంట స్పెక్ట్రంలోనూ 1,461 శిఖరం స్థానాన్ని చూసి, దాన్ని బట్టి కొలమానాన్ని సరిదిద్దే ప్రోగ్రాం రాశాము. గోడలోని గ్రానైట్ మాకు రాత్రింబవళ్లూ పనిచేసే ప్రామాణిక రేడియేషన్ మూలమైంది.

జూన్

తొలకరి వచ్చింది. సాయంత్రం అరగంటకు పైగా కుండపోతగా కురిసింది. డిటెక్టర్ కిటికీ పక్కనే, ఇంకా ఏ కవచమూ లేకుండా ఉంది. వాన మొదలైన తరువాతి స్పెక్ట్రంలో 609 శిఖరం స్పష్టంగా ఎత్తు పెరిగింది, దాని వెంట 352, 1,764 శిఖరాలు కూడా లేచాయి. పొటాషియం శిఖరం మాత్రం కదలలేదు. వాన ఆగిన తరువాత రెండు, మూడు గంటల్లో అన్నీ మామూలు స్థాయికి దిగివచ్చాయి.

నేలలోని యురేనియం సంతతిలో పుట్టే రాడాన్ వాయువు మట్టి రంధ్రాల గుండా గాలిలోకి చేరుతుంది. దాని సంతానమైన సీసం-214, బిస్మత్-214 పరమాణువులు గాలిలోని ధూళినీ మేఘపు బిందువులనూ పట్టుకుని ఉంటాయి. వాన వాటన్నిటినీ కడిగి నేల మీదకు దించుతుంది. సీసం-214 అర్ధాయువు 27 నిమిషాలు, బిస్మత్-214ది 20 నిమిషాలు కాబట్టి, వాన ఆగితే గామా కాంతి కూడా గంటల్లో ఆరిపోతుంది. తగ్గుదలను గ్రాఫు గీసి చూస్తే వంపు ఈ రెండు అర్ధాయువులకు చక్కగా అతికింది. పుస్తకంలో చదివిన విఘటన సూత్రం ఆకాశం నుంచి రాలి తమ తెర మీద పడిందన్న ఆనందం విద్యార్థుల ముఖాల్లో కనిపించింది, నాకూ అంతే ఆనందం కలిగింది.

ముసురు పట్టిన రోజుల్లో ఇంకొక మార్పు నెమ్మదిగా బయటపడింది. తడిసిన నేలలోని నీరు మట్టిలోంచి వచ్చే గామా కిరణాలను కొంత మింగేయడం వల్ల, కిటికీ వైపు నుంచి వచ్చే పొటాషియం, థోరియం లెక్క కొద్దిగా తగ్గింది. అంటే ఒకే వాన ఒక శిఖరాన్ని పెంచుతూ మరొకదాన్ని తగ్గిస్తోంది. అన్ని శక్తులనూ కలిపి ఒకే సంఖ్యగా రాసుకుని ఉంటే ఈ రెండూ ఒకదానినొకటి కొంత మేరకు కప్పేసుకునేవి.

ఆగస్టు

కవచం కట్టడం పూర్తయింది. విభాగంలో ఎన్నో ఏళ్లుగా మూలపడి ఉన్న సీసపు ఇటుకలను వాడుకున్నాము. 20, 10, 5 సెంటీమీటర్ల కొలతలు గల ఒక్కో ఇటుక 11 కిలోల పైమాటే. అన్ని వైపులా 10 సెంటీమీటర్ల మందం రావడానికి నలభై పైచిలుకు ఇటుకలు, నాలుగున్నర క్వింటాళ్లకు మించిన బరువు అవసరమైంది. బల్ల ఆ బరువు మోయదు కాబట్టి నేల మీదనే పేర్చాము. మా ల్యాబ్ అటెండెంట్‌కు తాపీ పని తెలుసు. అతుకు మీద అతుకు పడకుండా వరుస మార్చి పేర్చడం ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు. నేరుగా సందు ఉంటే గామా కిరణాలు ఆ సందులోంచే లోపలికి వస్తాయి. చేతి తొడుగులు లేకుండా ఎవరినీ సీసం ముట్టనివ్వలేదు.

1,461 కెఇవి గామా కిరణాల తీవ్రత సీసంలో ప్రతి 1.2 సెంటీమీటర్లకూ సగానికి తగ్గుతుంది కాబట్టి, బయటి నుంచి వచ్చేదాంట్లో నూటికి ఒక వంతు కూడా లోపలికి చేరకూడదు. స్పెక్ట్రం మొత్తం ఒక్కసారిగా కిందికి దిగింది. అయితే ఇంతకుముందు లేని ఒక కొత్త శిఖరం 75 కెఇవి దగ్గర లేచి కూర్చుంది. గామా కిరణాలూ, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కణాలూ తాకినప్పుడు సీసమే తన స్వంత ఎక్స్‌రేలను వెదజల్లుతుంది, వాటి శక్తి అదే. లోపలి గోడలకు రాగి రేకులు తొడిగాక ఆ శిఖరం అణిగిపోయింది. రాగి కూడా ఎక్స్‌రేలు ఇస్తుంది గానీ, వాటి శక్తి 8 కెఇవి మాత్రమే కాబట్టి మా పరిధి కిందికి వెళ్లిపోతాయి. డామా కవచంలో లోపలి పొర రాగిదే ఎందుకైందో దీనితో తేలిపోయింది.

సీసం గురించి ఇంకొక మాట. తాజాగా కరిగించిన సీసంలో 22 ఏళ్ల అర్ధాయువు గల సీసం-210 కొంత ఉంటుంది. గ్రాన్ సాసోలోనే ఉన్న క్యోరే ప్రయోగానికి, సార్డీనియా దగ్గర సముద్రంలో మునిగిన రోమన్ ఓడలోంచి తీసిన రెండు వేల ఏళ్ల నాటి సీసాన్ని కరిగించి కవచంగా వాడారు. అన్నేళ్లలో సీసం-210 పూర్తిగా అంతరించి ఉంటుంది. మా ఇటుకల వయసు కొన్ని దశాబ్దాలే అయినా, కొత్తవాటికంటే నయమే.

సెప్టెంబరు

కవచం లోపల కూడా 1,461 శిఖరం మిగిలి ఉంది. కవచం బయట ఎరువు సంచి పెట్టినా అది పెరగడం లేదు కాబట్టి, బయటి నుంచి వస్తున్నది కాదు. మిగిలింది ఫోటోమల్టిప్లయర్ ట్యూబు గాజు, స్ఫటికం. మామూలు గాజులో పొటాషియం ఉంటుంది, కొంత భాగం అక్కడిదే. స్ఫటికం లోపలి పొటాషియమే కృష్ణ పదార్థం వెతికేవారికి అసలు చిక్కు. పొటాషియం-40 ఒక ఎలక్ట్రాన్‌ను మింగి ఆర్గాన్‌గా మారినప్పుడు, 1,461 గామా కిరణంతోపాటు సుమారు 3.2 కెఇవి శక్తి కూడా విడుదలవుతుంది. ఆ గామా స్ఫటికాన్ని దాటి బయటికి పోతే, 3.2 కెఇవి మెరుపు ఒంటరిగా మిగులుతుంది. అది సరిగ్గా డామా వెతికే పరిధిలో పడుతుంది. అందుకే అనైస్, కోసైన్ బృందాలు పక్క స్ఫటికంలో 1,461 కనిపించిందా అని చూసి అలాంటి సంఘటనలను గుర్తించి తీసివేస్తాయి. ఒకే స్ఫటికం ఉన్న మాకు ఆ వెసులుబాటు లేదు.

శిఖర స్థానాన్ని సరిదిద్దుతూ మొదటి ఆరు నెలల దత్తాంశాన్ని ఒకచోట చేర్చే పని జరుగుతోంది. లెక్క కట్టే పద్ధతి విషయంలో విద్యార్థులకు ఒక హెచ్చరిక చేశాను. కోసైన్ బృందం డామా పద్ధతిలోనే, అంటే ఏడాది ఏడాదికీ సగటును తీసివేస్తూ, తమ స్వంత దత్తాంశాన్ని విశ్లేషించి చూసింది. నేపథ్యం ఏళ్ల తరబడి నెమ్మదిగా తరిగిపోతున్నప్పుడు, ఆ తీసివేత వల్లనే ఏడాది లయ ఒకటి పుట్టుకొచ్చింది. అయితే దాని దశ, అంటే గరిష్ఠ, కనిష్ఠాలు పడే కాలం, డామా చెప్పినదానికి దాదాపు వ్యతిరేకంగా ఉంది. కాబట్టి డామా ఫలితానికి ఇదే వివరణ అని తేల్చిచెప్పలేము. సగటును తీసివేయడం వంటి అమాయకమైన మెట్టు కూడా లేని లయను సృష్టించగలదన్నది మాత్రం తేలింది. అందుకని మేము సగటులను తీసివేయకుండా, తరుగుదలనూ ఉష్ణోగ్రతనూ ఒకే సమీకరణంలో చేర్చి అతికిస్తున్నాము.

నవంబరు

సీసం ఆపలేనివి మ్యూయాన్లు, అంటే కాస్మిక్ కిరణాలు పై వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే కణాలు. నేల మీద అరచేతి వెడల్పు గల స్థలం గుండా నిమిషానికి దాదాపు వంద దూసుకుపోతాయి. మా స్ఫటికంలో ఒక్కొక్కటి 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా వదిలిపెట్టి వెళుతుంది. కవచం పైన ఒక ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే) పలక అమర్చి, రెండింటిలోనూ ఒకేసారి స్పందన వచ్చిన వాటిని పక్కన పెడుతున్నాము. దీన్ని నిజంగా వదిలించుకోవాలంటే భూమి లోపలికి దిగాలి. మన చిత్తూరు సరిహద్దు దాటగానే ఉన్న కోలార్ బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు బ్రిటన్, జపాన్ బృందాలతో కలిసి వాతావరణ న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. ఆ గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మన దేశంలో కృష్ణ పదార్థం వెతుకులాటకు ఝార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున, 2017లో ప్రారంభమైన ప్రయోగశాల ఉంది. కోలార్ లోతు మన చేతికందేంత దగ్గర్లో ఉండి కూడా వాడుకోలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

లోతు కూడా ఏడాది లయను పూర్తిగా చెరపదు. వేసవిలో పై వాతావరణం వేడెక్కి పలచబడటం వల్ల గ్రాన్ సాసో అడుగుకు చేరే మ్యూయాన్లు శీతాకాలం కంటే పెరుగుతాయి, వాటి గరిష్ఠం జూన్ చివర, జూలై మొదట్లో పడుతుంది. డామా తేదీకి ఇది దాదాపు నెల తేడా. ఈ వాదానికి వాళ్లు ఇచ్చిన జవాబుల్లో అది ఒకటి. ఆస్ట్రేలియాలోని స్టావెల్ బంగారు గనిలో సేబర్ ప్రయోగాన్ని కడుతున్నది ఇందుకే. అక్కడ జూన్ శీతాకాలం. వేడి, తేమ, మ్యూయాన్లు, అన్నీ తలకిందులవుతాయి, పాలపుంతలో భూమి వేగం మాత్రం జూన్‌లోనే పెరుగుతుంది. అంతకుముందు దక్షిణ ధ్రువం మంచులో, 2,400 మీటర్లకు పైగా లోతున, 17 కిలోల సోడియం అయొడైడ్‌తో డీఎం-ఐస్ బృందం ఇదే ఆలోచనను పరీక్షించింది. దాని స్ఫటికాల మొత్తం బరువు తక్కువ, నేపథ్యం ఎక్కువ, అందువల్ల డామా మాటను ఖండించడానికీ సమర్థించడానికీ చాలలేదు.

మా గదిలో ప్రస్తుతం మిగిలి ఉన్న సమస్య రాడాన్. రాత్రంతా తలుపులు మూసి ఉంచితే తెల్లారేసరికి కవచం లోపలి 609 శిఖరం కూడా పెరుగుతోంది, అంటే సందుల్లోంచి గాలి లోపలికి పోతోందన్నమాట. రసాయనశాస్త్ర విభాగంలోని ద్రవ నైట్రోజన్ పాత్ర నుంచి ఆవిరయ్యే వాయువును సన్నని గొట్టంతో రాగి పెట్టెలోకి పంపి, లోపలి గాలిని నిరంతరం బయటికి నెట్టే ఏర్పాటు సగం పూర్తయింది. గొట్టం చివర వాయు ప్రవాహాన్ని కొలిచే మీటరు అమర్చాలి, రాగి పెట్టె అంచులకు రబ్బరు పట్టీ అతికించాలి. రెండో ఫోటోమల్టిప్లయర్‌తో వచ్చే కొత్త స్ఫటికానికి ప్రతిపాదన రాసి పంపాము. అది వస్తే 20 కెఇవి గీతను కిందికి దించవచ్చు. అంతవరకు ఈ స్ఫటికమే, డిసెంబరు చలిలో 1,461 శిఖరం కుడికి ఎంత జరుగుతుందో కొలుస్తూ, అరగంటకొక ఫైలు చొప్పున నడుస్తుంది.